పెరటాసికి ముందు దాచిన మటను దీపావళికి పనికొస్తుందా?

ప్రతి ఏడూ ఆవణి నెల ముగిసే వారంలో నాకొచ్చే ఫోన్లలో సగం రిపేరు ఫోన్లు కావు. "అన్నా, ఫ్రీజరులో మటను ఉండాది. పెరటాసి పుట్టేస్తా ఉండాది. నెల పోయినాక వండుకోవచ్చునా, ఇప్పుడే పారేయాల్నా?" అని అడిగేవాళ్ళే జాస్తి.

పెరటాసి సంగతి మన ఇండ్లలో చెప్పక్కరలేదు. సెప్టెంబరు నడుమ మొదలై అక్టోబరు నడుమ ముగిసే ఆ నెల దినాలూ వెంకటేశ్వరస్వామివి. శనివారాలు పిండి దీపం పెట్టి గోవిందా చెప్పే ఇంట్లో నీసు పొయ్యెక్కదు. అందుకని ఆవణి చివరి ఆదివారం నాట్రంపల్లిలో మటను అంగళ్ళ ముందర నిలబడను చోటుండదు. తిన్నంత తిని, మిగిలినది నల్ల కవరులో చుట్టి ఫ్రీజరులో తోసేస్తారు. కొందరు కావాలనే రెండు కిలోలు ఎక్కువ కొంటారు. దీపావళి వారంలో ధర ఎక్కుతుంది, బోనసు ఏ దినం చేతికి వస్తుందో మేస్త్రీకే తెలియదు, ముందే దాచుకుంటే నిమ్మళం అని వాళ్ళ లెక్క. దీపావళి ఒక్కో ఏడు పెరటాసి పోయిన వారంలోపలే వస్తుంది, ఒక్కో ఏడు నవంబరు దాకా జరుగుతుంది. కాబట్టి ఆ నల్ల కవరు ఫ్రీజరులో ఉండేది ఒక నెల నుంచి రెండు నెలలు.

జవాబు ముందే చెప్పేస్తాను. మీది రెండు తలుపుల ఫ్రిజ్ అయి, నడుమ కరెంటు పెద్దగా పోకుండా ఉంటే నిశ్చింతగా వండుకోండి. ఒకే తలుపు ఫ్రిజ్ అయితే, లోపల పైన ఉండే ఆ చిన్న ఐసు గదిని నమ్మి రెండు నెలలు దాచకండి. మాంసం అదే, మనుషులు అదే, తేడా అంతా చలిలో ఉండాది.

నేను పదకొండేండ్లు స్పిన్నింగు మిల్లులో హ్యుమిడిఫికేషన్ ప్లాంటు చూసినవాణ్ణి. నూలు తెగకుండా డిపార్టుమెంటులో తేమ ఎంత ఉండాల, వేడి ఎంత ఉండాల అని మీటరు చూసి చూసి కళ్ళు కాయలు కాచినాయి. తర్వాత ఫ్రిజ్ రిపేరుకు వచ్చినాను. ఇన్నేండ్లలో నేను తెరిచిన ఫ్రీజర్లలో ఏమేమి చూసినానో రాస్తే ఈ పత్రిక చాలదు. ఐసులో అతుక్కుపోయిన తలకాయ, ఎవరిదో ఎప్పటిదో తెలియని కవరు, పెండ్లిలో మిగిలిన బిరియాని. "ఇది ఎప్పుడు పెట్టినారు అక్కా?" అంటే ఆ ఇంట్లో ముగ్గురు మూడు నెలలు చెప్తారు.

మన పెద్దవాళ్ళలో కొందరు "ఐసులో పెట్టిన కూర విషం" అంటారు. చిన్నవాళ్ళు "ఫ్రీజరులో పెడితే ఏడాదైనా ఏమీ కాదు" అంటారు. రెండు మాటలూ సగం సగం. మాంసంలో నాలుగింట మూడు వంతులు నీళ్ళే. మైనస్ 1, మైనస్ 2 డిగ్రీల దగ్గర ఆ నీళ్ళు గడ్డకట్టడం మొదలవుతుంది. చలి పెరిగేకొద్దీ గడ్డకట్టే నీళ్ళు ఎక్కువవుతాయి, లోపల క్రిములు పెరగడానికి తడి ఉండదు. మైనస్ 18 డిగ్రీలకు వచ్చేసరికి ఏ క్రిమీ పెరగదు. పెరగదు అంటున్నాను, చావదు. నిద్ర పోతుంది అనుకోండి. మాంసం కరిగి వెచ్చబడగానే లేచి కూర్చుంటుంది, పెట్టే ముందు ఎన్ని ఉన్నాయో అన్నింటితో మళ్ళీ మొదలు పెడుతుంది. అందుకే సాయంత్రం దాకా బయట పెట్టి, వాసన వచ్చే వేళకు "సరే ఫ్రీజరులో వేస్తాము" అంటే ఫ్రీజరు దాన్ని బాగు చేయదు. ఎట్లా పెట్టినామో అట్లానే నిలబెడుతుంది, అంతే దాని పని.

క్రిములు ఆగినా ఇంకొకటి ఆగదు, కొవ్వు. గాలి తగిలిన కొవ్వు మైనస్ 18లో కూడా మెల్లమెల్లగా పాత నూనె వాసనకు తిరుగుతుంది. కోడి కొవ్వు, పంది కొవ్వు, మత్తి చేప లాంటి నూనె చేపల కొవ్వు తొందరగా తిరుగుతాయి. మేక, పొట్టేలు కొవ్వు కొంచెం ఓర్చుకుంటుంది. తింటే జబ్బు చేయకపోవచ్చు గానీ, ఆ వాసన మసాలాకు లొంగదు.

ఇప్పుడు ఫ్రిజ్ సంగతి. ఇక్కడ ఒక నక్షత్రాల గందరగోళం ఉండాది. ఫ్రిజ్ మీద అతికించిన పెద్ద స్టిక్కరులో 2 స్టార్లు, 3 స్టార్లు, 5 స్టార్లు అని ఉంటాయి కదా, అవి కరెంటు ఎంత తక్కువ తింటుందో చెప్పేవి. 5 స్టార్ల ఫ్రిజ్ అంటే ఎక్కువ చలి అని అర్థం కాదు. చలికి వేరే నక్షత్రాలు ఉన్నాయి. ఐసు గది తలుపు మీదనో, ఫ్రిజ్‌తో ఇచ్చిన పుస్తకంలోనో చిన్నగా ఉంటాయి. ఒక నక్షత్రం అంటే మైనస్ 6 డిగ్రీలు. రెండు అంటే మైనస్ 12. మూడు అంటే మైనస్ 18. ఆ పాత లెక్క ప్రకారం గడ్డకట్టిన పదార్థం ఒక నక్షత్రంలో వారం, రెండు నక్షత్రాల్లో నెల, మూడు నక్షత్రాల్లో మూడు నెలలు ఉంచవచ్చు. ఆ వారం ఎక్కడ, మూడు నెలలు ఎక్కడ! మన పెరటాసి ప్రశ్నకు జవాబు ఆ చిన్న నక్షత్రాల్లోనే ఉండాది.

సర్కారు 2006 తర్వాత టీవీ ఇచ్చింది, 2011 తర్వాత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను ఇచ్చింది. ఫ్రిజ్ మాత్రం ఎవరూ ఊరకే ఇయ్యలేదు, మన కష్టార్జితం. కంతుల మీద కొన్నదో, సెకండు హ్యాండులో దొరికిందో, ఎక్కువ ఇండ్లలో ఉండేది ఒకే తలుపుది. నేను థర్మామీటరు పెట్టి చూసిన ఒకే తలుపు ఫ్రిజ్‌లలో మైనస్ 18 అందుకున్నవి చాలా తక్కువ. రబ్బరు గాస్కెట్టు వదులైనవి, గోడకు ఆనించి పెట్టినవి, ఐసు గది నిండా మంచు పేరుకున్నవి మైనస్ 6, 7 దగ్గరే నిలిచిపోతాయి. రాత్రి వోల్టేజీ పడిపోయే వీధుల్లో అది కూడా కష్టం.

మీ ఇంట్లో థర్మామీటరు లేకపోతే ఒక రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉండాది. పిల్లలకు తెచ్చిన కప్పు ఐస్‌క్రీమును ఐసు గదిలో ఒక రాత్రి పెట్టండి. పొద్దున స్పూను దిగకుండా రాయిలాగా ఉంటే చలి సరిగ్గా ఉన్నట్టు. స్పూను మెత్తగా దిగితే మీ ఐసు గది మైనస్ 18కి దగ్గరలో కూడా లేదు. పైకి మాంసం గట్టిగా కనిపిస్తుంది, తట్టితే టకటక అంటుంది, అందుకే మోసపోతాము. మైనస్ 6లో కూడా మాంసం టకటక అంటుంది.

ఇక నెలల లెక్క. అమెరికా వ్యవసాయ శాఖవాళ్ళు ఇంటి ఫ్రీజర్ల కోసం ఒక పట్టిక వేసి ఉన్నారు. అది మైనస్ 18 డిగ్రీలు విడవకుండా ఉన్న ఫ్రీజరుకు, గాలి దూరకుండా చుట్టిన మాంసానికి మాత్రమే. దాని ప్రకారం పచ్చి మటను ముక్కలు 4 నెలల నుంచి ఏడాది దాకా, కోడి ముక్కలు 9 నెలలు, ముక్కలు చేయని కోడి ఏడాది, కైమా 3, 4 నెలలు, కోడి గుండెకాయ, కందనకాయ, లివరు 3, 4 నెలలు, నూనె చేపలు 2, 3 నెలలు. వండిన కూర అయితే 2, 3 నెలలు. ఇవి రుచి చెడకుండా ఉండే గడువులు. మైనస్ 18 తప్పకుండా ఉంటే గడువు దాటినా విషం కాదు, చప్పబడుతుంది.

ఒకే తలుపు ఐసు గదికి ఈ పట్టిక వర్తించదు. అక్కడ నేను చెప్పే లెక్క ఇది: పచ్చి మటను పది పదిహేను దినాలు, ఐస్‌క్రీము పరీక్షలో నెగ్గితే నెల. కోడి వారం. కైమా, లివరు, బోటి, చేపలు అసలు దాచే పనే పెట్టుకోకండి, రెండు మూడు దినాల్లో వండేయండి. కైమా ఎందుకు అంటే, ముక్కకు పైపైన మాత్రమే ఉండే క్రిమి మిషనులో పడి మొత్తం కలిసిపోయి ఉంటుంది. బోటి సంగతి చెప్పే పనే లేదు. పెరటాసి నెల ఒకే తలుపు ఫ్రిజ్‌కు అంచు మీద నిలబడినట్టు ఉంటుంది. నవంబరు దీపావళి అయితే అంచు దాటిపోయినట్టే. ఆవణి ఆదివారం అర కిలో తక్కువ కొనండి, లేదా పక్క ఇంట్లో రెండు తలుపుల ఫ్రిజ్ ఉంటే అడగండి. మన లైనులో ఉప్పు పప్పు అడగను సిగ్గుపడము, ఫ్రీజరులో మూల అడగను ఎందుకు?

"అన్నా, ఐసులో పెడితే మటను రబ్బరు అయిపోతుంది" అని ఇంకొక ఫిర్యాదు. ఇది నిజమే, దీనికి కారణం ఫ్రిజ్ కాదు, మన తొందర. మనము కొనేది పొద్దున ఆరుకు కోసిన మేక. ఏడుకు ఇంటికి తెస్తాము, అప్పటికింకా ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. దాన్ని అట్లానే వండితే మెత్తగా ఉడుకుతుంది, ఆంబూరు బిరియాని వాళ్ళకు ఈ కిటుకు తెలుసు. కానీ ఆ వెచ్చని మాంసాన్ని నేరుగా ఫ్రీజరులో పెడితే, కండ బిగుసుకోవలసిన పని ముగియకముందే గడ్డకట్టేస్తుంది. మళ్ళీ కరిగేటప్పుడు ఆ మిగిలిన బిగింపు ఒక్కసారిగా జరిగి ముడుచుకుపోతుంది. ఇక ఎన్ని విజిల్లు పెట్టినా నమలను పండ్లు కావాల.

ఈ సంగతి కనిపెట్టింది న్యూజిలాండువాళ్ళు. వాళ్ళ బతుకే ఐసు మటను మీద. 1882 ఫిబ్రవరిలో డనీడిన్ అనే తెరచాప ఓడ అక్కడి పోర్ట్ చామర్స్ రేవు నుంచి దాదాపు 5,000 గొర్రెల మాంసం గడ్డకట్టించుకుని బయలుదేరింది. 98 దినాలు సముద్రం మీద, నడుమ భూమధ్యరేఖ ఎండ, లోపల బొగ్గుతో నడిచే ఐసు మిషను. లండనులో దిగినప్పుడు పారేయవలసి వచ్చింది ఒక్కటంటే ఒక్క గొర్రె. మన మద్రాసులో అంతకు నలభై ఏండ్ల ముందే, 1842లో, అమెరికా చెరువుల ఐసును ఓడల్లో తెచ్చి దాచడానికి ఐస్ హౌస్ కట్టినారు, ట్రిప్లికేన్ సముద్రం ఒడ్డున ఇప్పటికీ ఉండాది, వివేకానందుల పేరుతో. ఆ ఐసు దొరల గ్లాసుల్లోకి, మన ముత్తాతల మాంసం ఎండలోకి. సరే, న్యూజిలాండు మాట. ఐసు మటను కొన్నవాళ్ళు గట్టిగా ఉందని గొణుగుతా ఉంటే, 1963లో అక్కడి పరిశోధకులు లాకర్, హాగ్యార్డ్ అనే ఇద్దరు అసలు కారణం పట్టినారు: కోసిన వెంటనే చలి తగిలితే కండ ముడుచుకుంటుందని. అప్పటి నుంచి కోసినాక కొంత సేపు ఆగి, తర్వాతే గడ్డకట్టించే పద్ధతి వచ్చింది.

మనకు దీని అర్థం ఏమంటే, ఆ దినం వండే మటనును వెచ్చగానే వండేయండి. దాచే మటనును ఫ్రీజరులో కాదు, ముందు ఫ్రిజ్ కింది గదిలో మూత ఉన్న గిన్నెలో పెట్టి, మరుసటి దినం పొద్దున ఫ్రీజరులోకి మార్చండి. ఈ ఒక్క రాత్రి ఓపిక పడితే దీపావళి దినం అల్లుడి ముందర సిగ్గుపడే పని ఉండదు.

కట్టేది కూడా సరిగ్గా కట్టాల. నల్ల కవరు ముడివేసి తోసేస్తే అందులో మాంసం కంటే గాలి ఎక్కువ ఉంటుంది. గాలి తగిలిన చోట ఐసు ఆవిరైపోయి తెల్లటి ఎండు మచ్చలు పడతాయి. కొందరు బూజు అనుకుని మొత్తం పారేస్తారు. బూజు కాదు, ఆ మచ్చ కోసేసి తక్కినది వండుకోవచ్చు, ఆ చోట రుచి ఉండదు అంతే. మందమైన కవరులో అర కిలో చొప్పున వేసి, చేత్తో అదిమి గాలి తీసేసి, అప్పడం కాకపోయినా అట్టు మాదిరి పలచగా పరిచి పెట్టండి. పలచగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది. మెల్లగా గడ్డకడితే లోపల పెద్ద పెద్ద ఐసు ముక్కలు ఏర్పడి కండను చీలుస్తాయి, కరిగించినప్పుడు గిన్నె నిండా ఎర్ర నీళ్ళు కారడం అందుకే. అది రక్తం కాదు, మాంసంలోని నీళ్ళు, సత్తువ అందులోనే పోతుంది. రెండు కిలోలు ఒకే ముద్దగా పెట్టేవాళ్ళు ఇంకో కష్టం కొనుక్కుంటారు: అర కిలో కావాలంటే రెండు కిలోలూ కరిగించాల.

పసుపు పూస్తే పూయండి, ఉప్పు మాత్రం వద్దు. "ఉప్పు వేస్తే నిలవ ఉంటుంది కదా" అంటారు. మా అవ్వ కాలంలో ఉప్పుకండం చేసేవాళ్ళు, ఉప్పు పసుపు కారం పట్టించి, దారానికి గుచ్చి, కాకులు రాకుండా పిల్లల్ని కాపలా పెట్టి, ఎండలో గలగలా ఎండేదాకా. అక్కడ ఉప్పు, ఎండ కలిసి తడిని పీల్చేస్తాయి, అందుకే నిలుస్తుంది. ఫ్రీజరులో తడి పోదు, పైగా ఉప్పు తగిలిన కొవ్వు ఇంకా తొందరగా పాత నూనె వాసనకు తిరుగుతుంది. మసాలా, ఉప్పు కలిపి పెట్టిన కోడి ముందుగా చెడే రుచి అదే. కవరు మీద ఒక కాగితం అతికించి తేదీ రాయండి. "ఆవణి చివరి ఆదివారం" అని రాసినా చాలు.

ఫ్రీజరుకు అసలు శత్రువు కరెంటు. 2012 మరిచిపోయేది కాదు, మన జిల్లాల్లో రోజుకు పది పన్నెండు గంటలు కరెంటు లేదు, ఆ ఏడు ఫ్రిజ్‌ను బీరువాగా వాడుకున్నాము. ఇప్పుడు అంత లేదు గానీ, నెలకొకసారి మెయింటెనెన్సు అని పొద్దున 9 నుంచి సాయంత్రం 5 దాకా తీస్తారు. విడిగా తలుపు ఉన్న నిండు ఫ్రీజరును తెరవకుండా ఉంటే 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చలి నిలుస్తుందని లెక్క. ఒకే తలుపు ఫ్రిజ్‌లో ఐసు గదికి ఉండేది పలచటి ప్లాస్టిక్ రెక్క. పిల్లలు నీళ్ళ సీసా కోసం పెద్ద తలుపు తెరిచిన ప్రతిసారీ దాని చలి పోతుంది. మెయింటెనెన్సు దినం ఆ తలుపుకు ఒక తాడు కట్టేయండి, నేను తమాషాకు చెప్పడం లేదు.

గుడియాత్తంలో కెంగయమ్మ శిరస్సు తిరునాళ్ళు వైకాసి నెల మొదటి దినం, మే నడుమ. వేలూరు ఎండ 40 డిగ్రీలు దాటే కాలం. ఒక ఏడు తిరునాళ్ళ మరుసటి పొద్దున అక్కడి నుంచి ఒక అక్క ఫోను చేసింది, ఫ్రిజ్ ఆడడం లేదని. పోయి చూస్తే ఫ్రిజ్ బాగానే ఉండాది, వీధి ట్రాన్సుఫార్మరు పోయి రాత్రంతా కరెంటు లేదు. చుట్టాల కోసం నాలుగు కిలోల మటను, దానితో లివరు, అర కిలో కైమా దాచి ఉన్నారు. నాలుగు కిలోలు అంటే ఆ ఇంటికి వారం కూలి. ఆమె ముఖం చూడలేకపోయినాను. "వాసన రాలేదు కదన్నా, బాగా ఉడికిస్తే అన్నీ చస్తాయి కదా" అని అడిగింది.

ఈ రెండు మాటలు ఎవరు నమ్మినా ప్రమాదం. జబ్బు చేసే క్రిములు చాలావాటికి వాసన ఉండదు. వాసన తెచ్చేవి వేరే. ఉడికిస్తే క్రిములు చస్తాయి, కానీ స్టెఫైలోకాకస్ లాంటి కొన్ని క్రిములు వెచ్చటి మాంసంలో పెరిగేటప్పుడు ఒక విషం వదులుతాయి, అది కుక్కరు వేడికి కూడా పోదు. తిన్న కొన్ని గంటల్లో వాంతులు పట్టుకుంటాయి. ఇంటిల్లిపాదీ పడుకుంటే పోయేది నాలుగు కిలోల మటను ఖర్చు కాదు, అందరి షిఫ్టులూ పోతాయి.

కవర్లు ఒక్కొక్కటీ తీసి చూసినాము. అడుగున, ఐసు పలకకు ఆనుకుని ఉన్న రెండు కవర్లలో నడుమ ఇంకా ఐసు గరగరలాడతా ఉండాది, పట్టుకుంటే చేయి జివ్వుమంది. వాటిని అప్పుడే పొయ్యి మీద పెట్టమన్నాను. ఐసు ఇంకా ఉంటే మళ్ళీ ఫ్రీజరులో పెట్టినా తప్పు లేదు, వండడం ఇంకా మేలు. పైన ఉన్నవి మెత్తబడి, ఫ్రిజ్ చలి కూడా లేకుండా గది వేడికి వచ్చేసినాయి. లివరు, కైమా గురించి ఆలోచించే పనే లేదు. ఆమె వాటిని ముందు పారేసింది, మిగిలిన రెండు కవర్లు చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఆమె అత్త లోపల నుంచి వచ్చి, "నా మనవళ్ళకంటే మటను గొప్పదా, పారేయి" అని లాక్కుని పోయింది. ఆ దినం చుట్టాలకు కొంచెం మటను, జాస్తి సాంబారు. ఎవరూ ఏమీ అనుకున్నట్టు లేదు.

పెరటాసిలో తిరుమలకు పోయేవాళ్ళు ఇంకొక పని చేస్తారు. ఇల్లు తాళం వేసేటప్పుడు మెయిను ఆపేస్తారు. రెండు దినాల తర్వాత వచ్చి ఆన్ చేస్తారు, మాంసం కరిగి మళ్ళీ గట్టిపడుతుంది, చూస్తే ఏమీ తెలియదు. దీనికి ఒక ఉపాయం. చిన్న గిన్నెలో నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైన ఒక రూపాయి బిళ్ళ పెట్టి ఐసు గదిలో ఉంచండి. ఎప్పుడు చూసినా బిళ్ళ పైనే ఉంటే మంచిది. ఐసు లోపలికి దిగిపోయి ఉంటే, మీరు లేని వేళ అంతా కరిగి మళ్ళీ గట్టిపడింది అని అర్థం, ఆ మాంసం వద్దు. ఒకే తలుపు ఫ్రిజ్‌లో ఐసు కరిగించే బటను నొక్కినా ఇదే జరుగుతుంది. మాంసం ఉన్నప్పుడు ఆ బటను జోలికి పోకండి. అట్లాగని కత్తితో ఐసు పొడవద్దు. పలకకు బొక్క పడి గ్యాసు పోయిన ఫ్రిజ్‌లు నాకు నెలకు ఒకటైనా వస్తాయి, నా సంపాదనకు మంచిదే గానీ మీకు కాదు.

కరిగించేటప్పుడు గట్టు మీద పెట్టి షిఫ్టుకు పోవద్దు. మన ఎండలో పైభాగం గంటలో వెచ్చబడుతుంది, నడుమ ఇంకా రాయి లాగా ఉంటుంది. ముందు దినం రాత్రి ఫ్రిజ్ కింది గదిలోకి దించండి, కింద ఒక పళ్ళెం పెట్టి. మరిచిపోతే కవరు విప్పకుండా చల్లటి నీళ్ళ గిన్నెలో ముంచి, అరగంటకొకసారి నీళ్ళు మార్చండి, అర కిలో గంటలో కరుగుతుంది. వేడి నీళ్ళు పోయకండి. కడిగేది వండే ముందర కడగండి, గిన్నెలో మెల్లగా, పక్కన ఉన్న టమోటాల మీద, తోమిన గిన్నెల మీద చింది పడకుండా.

పోయిన సంక్రాంతికి ఒక వదినె అడిగిన ప్రశ్నతో ఇంకొక సంగతి తెలిసింది. మనకు కనుమ దినం మాంసం లేకపోతే పండగ కాదు. తమిళనాడులో ఆ దినమే తిరువళ్ళువర్ దినం, మాంసం అంగళ్ళు మూయాలని ఉత్తర్వు. పొంగలి దినం ఇంట్లోకి నీసు తెచ్చేది లేదు. కాబట్టి భోగి పొద్దున కొని కనుమ పొద్దున వండాల, రెండు దినాలు. "ఫ్రీజరులో పెడితే గట్టిపడుతుంది, బయట పెడితే చెడుతుంది, ఏం చేసేది?" అని ఆమె ప్రశ్న. రెండు దినాలకు ఫ్రీజరు అవసరమే లేదు. 4 డిగ్రీల చలిలో పచ్చి మటను మూడు దినాలకు తక్కువ లేకుండా ఉంటుంది. ఫ్రీజరుకు నేరుగా కింద ఉండే చిల్లరు ట్రేలో, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెట్టండి, కింద ఉన్న పొంగలి పాల మీద బొట్టు కారకుండా. ఆ రెండు దినాల్లో కండ తనంతట తానే మెత్తబడుతుంది కూడా. కోడి అయితే రెండు దినాలు అంచు మీద పని, దాన్ని భోగి దినమే ఫ్రీజరులో వేసి పొంగలి రాత్రి కిందికి దించండి. ఆమె అట్లానే చేసింది. కనుమ మధ్యాహ్నం నాకు ఒక టిఫిను గిన్నె వచ్చింది, రెండు విజిల్లకే ఉడికిందని చెప్పి పంపింది.